ఇంధన సబ్సిడీ ఎత్తివేస్తే భారం ఎవరి మీద ఆగుతుంది?

బొబ్బిలి ప్రాంతపు పల్లె నుంచి డిగ్రీ చదువుకుంటున్న ఒక విద్యార్థి అడిగిన ప్రశ్న ఇది: "ఇంధన సబ్సిడీలు ఎత్తివేస్తే అభివృద్ధి చెందుతున్న దేశం బాగుపడుతుందని మా పాఠ్యపుస్తకంలో ఉంది. డీజిల్ ధర పెరిగిన ప్రతిసారీ మా ఇంట్లో సాగు ఖర్చు పెరుగుతోందని మా నాన్నగారు అంటారు. ఈ రెండింట్లో ఏది నిజం?"

రెండూ నిజమే. పాఠ్యపుస్తకం దేశ ఖజానా వైపు నుంచి లెక్క వేస్తుంది, మీ నాన్నగారు తన కమతం వైపు నుంచి వేస్తారు. నేను విజయనగరంలో చాలా ఏళ్లు డిగ్రీ విద్యార్థులకు అర్థశాస్త్రం బోధించాను, వారిని వెంటబెట్టుకొని చుట్టుపక్కల ఊళ్లలో కుటుంబాల జమాఖర్చులు రాయించాను. ఆ అనుభవంతో నాకు స్థిరపడిన అభిప్రాయం చెబుతాను. సబ్సిడీ ఎత్తివేత మేలు చేసిందా, కీడు చేసిందా అన్నది ధర ఎంత పెరిగిందన్న దానికంటే, అలా మిగిలిన సొమ్ము ఎవరి చేతికి, ఎప్పుడు చేరిందన్న దాని మీదే ఎక్కువగా ఆధారపడుతుంది. నష్టపోయేవారికి ఆ సొమ్ము ధర పెరిగే రోజుకు ముందే చేరితే సంస్కరణ నిలబడుతుంది. ఏడాది తరువాత చేరితే, అప్పటికే ఆ కుటుంబం వడ్డీకి అప్పు తెచ్చుకొని ఉంటుంది.

ముందుగా మన దేశంలో ఈ సబ్సిడీ ఎలా నడిచిందో తెలుసుకోవాలి, ఎందుకంటే అది బడ్జెట్ పత్రాల్లో పూర్తిగా కనిపించేది కాదు. పేరుకు 2002 ఏప్రిల్ 1న నియంత్రిత ధరల విధానం రద్దయింది, కాని ఆ తరువాత కూడా పెట్రోలు, డీజిల్, కిరోసిన్, వంటగ్యాస్ ధరలు ఎంత ఉండాలో కేంద్రమే చెబుతూ వచ్చింది. అంతర్జాతీయ ధరను బట్టి అమ్మవలసిన రేటుకు, బంకులో అమ్మిన రేటుకు మధ్య ఉన్న తేడాను చమురు కంపెనీలు అండర్ రికవరీ అని లెక్క రాసుకునేవి. అందులో కొంత కేంద్రం నగదుగా ఇచ్చేది, కొంత ఓఎన్‌జీసీ వంటి సంస్థలు ముడి చమురును తగ్గింపు ధరకు ఇచ్చి భరించేవి, మిగిలినదాన్ని కంపెనీలే అప్పులు తెచ్చి మోసేవి. 2005 తరువాత కొన్నేళ్లపాటు కేంద్రం నగదుకు బదులు చమురు బాండ్లు, అంటే తరువాత వడ్డీతో తీర్చే అప్పుపత్రాలు, ఇచ్చింది, వాటి అసలు, వడ్డీ చెల్లింపులు 2020ల దాకా సాగాయి. అంటే 2008లో లీటరు మీద తగ్గించిన ధరను, అప్పటికి పలక పట్టని పిల్లలు పెద్దవారై పన్నుల రూపంలో తీర్చారు. 2012-13లో మన దేశం కొన్న ముడి చమురు సగటు ధర పీపాకు సుమారు 108 డాలర్లు. ఆ ఏడాది మొత్తం అండర్ రికవరీ 1,61,000 కోట్ల రూపాయలు, అందులో ఒక్క డీజిల్ వాటాయే 92,000 కోట్లు.

ఈ సొమ్ము ఎవరికి చేరింది? లీటరు మీద ఇచ్చే రాయితీ ఎప్పుడూ ఎక్కువ లీటర్లు కొనేవారికే ఎక్కువగా అందుతుంది. 2012లో అంతర్జాతీయ ద్రవ్యనిధి పరిశోధకులు 20 అభివృద్ధి చెందుతున్న దేశాల లెక్కలు చూసినప్పుడు, పైనున్న ఐదోవంతు కుటుంబాలకు అడుగునున్న ఐదోవంతు కుటుంబాలకంటే సుమారు ఆరు రెట్లు ఎక్కువ ఇంధన సబ్సిడీ అందుతోందని తేలింది. మన దగ్గర పెట్రోలుకు, డీజిల్‌కు మధ్య ధరలో తేడా బాగా పెరిగిన ఆ సంవత్సరాల్లో పట్టణాలలో డీజిల్ కార్ల అమ్మకాలు ఊపందుకున్నాయి, సెల్ టవర్ల జనరేటర్లూ అదే రాయితీ డీజిల్ తాగాయి. సీతంపేట కొండల్లో కట్టెల పొయ్యి మీద వండుకునే గిరిజన కుటుంబానికి ఆ 92,000 కోట్లలో దక్కినదెంతో మీరే ఊహించవచ్చు.

కిరోసిన్ విషయం ఇంతకంటే బాధాకరం. దాన్ని పేదల ఇంధనమని రేషన్ దుకాణాల్లో చాలా తక్కువ ధరకు ఇచ్చారు. ఆ చౌకదనమే దాన్ని దారి మళ్లించింది. డీజిల్‌లో కలిపితే లీటరుకు పదుల రూపాయలు మిగులుతున్నప్పుడు గుర్తు కోసం నీలిరంగు కలిపినంత మాత్రాన కల్తీ ఆగలేదు. 2011 జనవరిలో మహారాష్ట్రలోని మన్మాడ్ వద్ద ఈ కల్తీని పట్టుకోబోయిన అదనపు కలెక్టర్ యశ్వంత్ సోనవణేను పట్టపగలు సజీవంగా తగలబెట్టారు. ఒకే రకమైన సరుకుకు రెండు ధరలుంటే ఆ తేడాలో ఒక వ్యాపారం పుడుతుంది, దాన్ని కాపాడుకోవడానికి హత్యకైనా వెనుకాడనివారు అందులోకి వస్తారు. సబ్సిడీని సమర్థించే మిత్రులు ఈ కోణాన్ని తేలికగా తీసుకోకూడదని నా విన్నపం.

కనుక ఎత్తివేత అవసరమైనదే. 2012-13లో మన కరెంటు ఖాతా లోటు, అంటే విదేశాల నుంచి మనకు వచ్చేదానికంటే మనం చెల్లించేది ఎంత ఎక్కువో చూపే లెక్క, జీడీపీలో 4.8 శాతానికి చేరింది, 2013 ఆగస్టులో డాలరు విలువ 68 రూపాయలను తాకింది. దీనికి బంగారం దిగుమతులూ ఒక కారణమే, అయినా చమురు బిల్లు పాత్ర పెద్దది. ధర తెలియకపోతే వాడకం తగ్గదు, వాడకం తగ్గకపోతే డాలర్ల అవసరం తగ్గదు, రూపాయి పడిపోతే అదే చమురు మరింత ప్రియమై సబ్సిడీ ఇంకా పెరుగుతుంది. ఈ వలయాన్ని తెంచడానికి పెట్రోలు ధరను 2010 జూన్‌లోనే కంపెనీలకు వదిలేశారు. డీజిల్‌ను 2013 జనవరి నుంచి నెలకు 50 పైసల చొప్పున పెంచుతూ వచ్చారు. ఇది చాలా తెలివైన పద్ధతి అని నేను అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను. ఒకేసారి పది రూపాయలు పెంచితే వీధుల్లోకి వచ్చే జనం అర్ధరూపాయిని సర్దుకున్నారు, లారీ యజమానులకూ ఆర్టీసీకీ తమ లెక్కలు మార్చుకునే వ్యవధి దొరికింది. 2014 మధ్య నుంచి ముడి చమురు ధర పడిపోవడం కలిసివచ్చి, ఆ ఏడాది అక్టోబరులో డీజిల్‌పై నియంత్రణ పూర్తిగా తొలగింది.

ఇక మీ ఇంటి లెక్కకు వద్దాం, ఎందుకంటే పాఠ్యపుస్తకం ఒక పేరాలో దాటేసే భాగం ఇదే. డీజిల్ పెరిగితే అన్నీ పెరుగుతాయని అందరం అంటాం, కాని ఎంత పెరగాలో లెక్క వేసేవారు తక్కువ. ఉద్దానం కొబ్బరికాయలతో 16 టన్నుల లారీ ఒకటి శ్రీకాకుళం వైపు నుంచి హైదరాబాదుకు వెళ్తోందనుకుందాం. సుమారు 700 కిలోమీటర్ల దారి. లీటరుకు నాలుగు కిలోమీటర్లు ఇస్తుందనుకుంటే 175 లీటర్లు పడతాయి. డీజిల్ లీటరుకు 10 రూపాయలు పెరిగితే ఆ ప్రయాణానికి అదనపు ఖర్చు 1,750 రూపాయలు, అంటే కిలోకు దాదాపు 11 పైసలు. బజారులో ధర కిలోకు రెండు రూపాయలు పెరిగితే అందులో డీజిల్ పాత్ర ఎంతో, దాన్ని సాకుగా చూపినవారి పాత్ర ఎంతో దీన్నిబట్టి తెలుస్తుంది. నిండు లోడుతో దూరం పోయే సరుకు మీద ఇంధన ధర ప్రభావం మనం భయపడేదానికంటే చిన్నది.

పొలంలో సంగతి వేరు. ఉభాలకు (వరి నాట్లకు) ముందు దమ్ము చేసే 45 హార్స్‌పవర్ ట్రాక్టరు గంటకు నాలుగైదు లీటర్లు తాగుతుంది. లీటరుకు 10 రూపాయలు పెరిగితే గంటకు 40, 50 రూపాయలు అదనం. కాని ట్రాక్టరు కిరాయి గంటకు 50 రూపాయలు పెరిగి ఆగదు, చిల్లర సర్దుబాటుకు వీలుగా ఒకేసారి 100 పెరుగుతుంది. తరువాత డీజిల్ తగ్గినా కిరాయి తగ్గిన ఊరు నాకు కనిపించలేదు. వంశధార, నాగావళి కాలువల శివారు ఆయకట్టులో నీరు చేరక ఆయిల్ ఇంజను పెట్టి తోడుకునే రైతుకు ఈ దెబ్బ రెండుసార్లు తగులుతుంది. బోరుకు ఉచిత విద్యుత్తు ఉన్న రైతు పక్కనే, డీజిల్‌తో నీరు తోడుకునే రైతు పూర్తి మార్కెట్ ధర చెల్లిస్తున్నాడు. వీరిద్దరిలో ఎవరు పేదవారో ఆ కాలువ గట్టు మీద నడిచిన ఎవరైనా చెప్పగలరు.

ఇక్కడే అసలు సూత్రం ఉంది. ఇంధన ధర పెరిగినప్పుడు ప్రతివాడూ ఆ భారాన్ని తన తరువాతివాడి మీదికి నెట్టడానికి చూస్తాడు, నెట్టలేనివాడి దగ్గర అది ఆగిపోతుంది. లారీ యజమాని కిరాయి పెంచి వర్తకుడి మీదికి నెడతాడు, వర్తకుడు చిల్లర ధర పెంచుతాడు. ఆర్టీసీ కూడా నెట్టగలదు: 2022 ఏప్రిల్‌లో డీజిల్ సెస్ పేరుతో పల్లెవెలుగు టికెట్టు మీద 2 రూపాయలు, ఎక్స్‌ప్రెస్ మీద 5 రూపాయలు పెంచింది. వరి పండించే రైతు నెట్టలేడు, ఎందుకంటే అతని ధాన్యానికి మద్దతు ధర ఢిల్లీలో నిర్ణయమవుతుంది, అది నిర్ణయమైన తరువాత డీజిల్ పెరిగితే ఆ సీజనుకు అతనే భరించాలి. దినకూలీ నెట్టలేడు. బుడగట్లపాలెం, కళింగపట్నం, చింతపల్లి తీరాల్లో ఇంజను పడవతో వేటకు వెళ్లే మత్స్యకారుడు అసలే నెట్టలేడు. అతని చేపకు ధర ఒడ్డున వేలంపాటలో పలుకుతుంది. వేటకు 30 లీటర్లు పట్టే పడవకు లీటరుకు 10 రూపాయలు పెరిగితే 300 రూపాయలు అదనం, వల ఖాళీగా వచ్చిన రోజు కూడా ఆ 300 పోవలసిందే. సావుకారు దగ్గర పెట్టుబడి తెచ్చుకున్నవారైతే ఆ అదనం అప్పుగా మారి, చేపను ఆ సావుకారుకే, అతను చెప్పిన ధరకే ఇవ్వవలసిన కట్టుబాటు ఇంకా బిగుస్తుంది. దేశ సగటు ద్రవ్యోల్బణం సంఖ్యలో ఈ తేడాలేవీ కనపడవు. పరిహారం ఎవరికివ్వాలని ప్రభుత్వం అడిగితే, ఆదాయం తక్కువైనవారి జాబితాతోపాటు ఈ నెట్టలేనివారి జాబితా కూడా ఉండాలని నేను గట్టిగా చెబుతాను.

సబ్సిడీ పోయిన తరువాత జరిగిన మరో విషయాన్ని చాలామంది దానితో కలిపేసి మాట్లాడుతున్నారు. 2014-15లో పీపాకు సగటున 84 డాలర్లున్న మన ముడి చమురు 2015-16లో 46 డాలర్లకు పడింది. ధరలు మార్కెట్‌కు వదిలేశారు కాబట్టి బంకులో ధర కూడా ఆ మేరకు దిగాలి. అలా జరగలేదు. 2014లో డీజిల్ మీద లీటరుకు 3.56 రూపాయలున్న కేంద్ర ఎక్సైజు సుంకం 2016 జనవరి చివరికి 17.33కు, 2020 మే నెలలో 31.83కు చేరింది. పెట్రోలు మీద అదే కాలంలో 9.48 నుంచి 32.98కి పెరిగింది. దీనిలో అధిక భాగం సెస్సులు, ప్రత్యేక సుంకాల రూపంలో ఉండడం వల్ల రాష్ట్రాలకు పంచవలసిన అవసరం లేదు. 2021 నాటికి రాష్ట్రాలతో పంచుకునే మూల సుంకం పెట్రోలుపై లీటరుకు 1.40 రూపాయలు, డీజిల్‌పై 1.80 మాత్రమే. ఇక రాష్ట్రాలు తమ వంతు వ్యాట్ వేసుకున్నాయి. మన రాష్ట్రంలో పెట్రోలుపై 31 శాతం, డీజిల్‌పై 22.25 శాతం వ్యాట్, దానిపైన లీటరుకు 4 రూపాయలు, రోడ్డు సెస్సు మరో రూపాయి ఉన్నాయి. ఇచ్ఛాపురం దాటి ఒడిశాలో అడుగుపెట్టగానే ధర కొన్ని రూపాయలు తగ్గుతుంది కాబట్టి లారీలు సరిహద్దు అవతల ట్యాంకు నింపుకొని వస్తాయి, ఇవతలి బంకులు వెలవెలబోతాయి. దీన్ని సబ్సిడీ ఎత్తివేత ఫలితమని చెప్పడం సరికాదు, ఇది పన్నుల విధానం ఫలితం. సబ్సిడీ తీయడం రైతుకు కష్టం కలిగించినా దానికి ఒక న్యాయం ఉంది. చమురు చౌకైనప్పుడు ఆ చౌకను రైతు వరకు రానివ్వకపోవడానికి అలాంటి న్యాయం లేదు. ఆ పన్ను సొమ్ముతో రోడ్లు వేశారు, సంక్షేమ పథకాలు నడిపారు అన్నది నిజమే, నేను దాన్ని తోసిపుచ్చను. కాని డీజిల్ మీద వేసే పన్ను దమ్ము చేసే ట్రాక్టరుకూ ఖరీదైన కారుకూ ఒకే రేటున పడుతుంది.

ఇతర దేశాల అనుభవం చూస్తే క్రమం ఎంత ముఖ్యమో తెలుస్తుంది. ఇరాన్ 2010 డిసెంబరులో పెట్రోలు ధరను రేషన్ కోటాకు నాలుగు రెట్లు చేసింది, కోటా దాటితే లీటరుకు 4,000 రియాళ్ల నుంచి 7,000కు పెంచింది. అంత పెద్ద పెంపును జనం సహించడానికి కారణం, ధర పెరగకముందే ప్రతి వ్యక్తికీ నెలకు నాలుగు లక్షలకు పైగా రియాళ్ల చొప్పున కుటుంబాల బ్యాంకు ఖాతాల్లో వేసి, పెంపు అమలైన రోజున దాన్ని తీసుకోనివ్వడం. డబ్బు కళ్లముందు ఉంది కాబట్టి నమ్మారు. ఆ మొత్తాన్ని ద్రవ్యోల్బణంతోపాటు పెంచకపోవడంతో కొన్నేళ్లకు దాని విలువ కరిగిపోయింది. 2019 నవంబరులో ధర మళ్లీ పెంచినప్పుడు వీధులు భగ్గుమన్నాయి. ఇండోనేషియా 2005 అక్టోబరులో ఇంధన ధరలను సగటున రెట్టింపుకు పైగా పెంచుతూ, కోటిన్నరకు పైగా పేద కుటుంబాలకు మూడు నెలలకొకసారి 3,00,000 రుపియాల చొప్పున తపాలా కార్యాలయాల ద్వారా ఇచ్చింది. జాబితాల్లో తప్పులు దొర్లాయి, గొడవలూ జరిగాయి, అయినా సంస్కరణ నిలిచింది.

నైజీరియా కథ దీనికి తలక్రిందులు. ముడి చమురు ఎగుమతి చేసే ఆ దేశం, సొంత శుద్ధి కర్మాగారాలు పని చేయక పెట్రోలును దిగుమతి చేసుకునేది. 2012 జనవరిలో సబ్సిడీ తీసివేసి లీటరు 65 నైరాల నుంచి 141కి పెంచితే దేశమంతా సమ్మె కట్టింది, ప్రభుత్వం 97కు దిగివచ్చింది. 2023 మే 29న కొత్త అధ్యక్షుడు టినుబు ప్రమాణ స్వీకార ప్రసంగంలోనే సబ్సిడీ ముగిసిందని ప్రకటించారు. రోజుల్లోనే ధర దాదాపు మూడు రెట్లు అయింది, మరుసటి నెలలో కరెన్సీ విలువను కూడా మార్కెట్‌కు వదిలేశారు. 2024 మధ్యలో ద్రవ్యోల్బణం 34 శాతం చేరింది. కనీస వేతనాన్ని 30,000 నైరాల నుంచి 70,000కు పెంచే చట్టం వచ్చింది 2024 జూలైలో, అంటే ధర పెరిగిన ఏడాది దాటాక. సబ్సిడీ ఆ దేశాన్ని తినేస్తోందన్నది నిజం, తీయక తప్పదన్నదీ నిజం. అయినా మధ్యలో గడిచిన ఆ పద్నాలుగు నెలలు పేద కుటుంబాలు ఏమి తిన్నాయన్న ప్రశ్నకు ఏ ఆర్థిక సూత్రమూ సమాధానం చెప్పదు. ఈక్వెడార్ 2019 అక్టోబరులో ఇలాగే ఒక డిక్రీతో తొలగించి, రెండు వారాలు తిరగకముందే దాన్ని వెనక్కి తీసుకుంది.

వంటగ్యాస్ విషయంలో మన దేశం మంచి పనీ చేసింది, జారిపోయింది కూడా. 2015 జనవరి నుంచి దేశమంతటా సబ్సిడీని నేరుగా ఖాతాలో వేయడం వల్ల బినామీ కనెక్షన్లు తగ్గాయి, ఉజ్వల పథకం 2016 నుంచి పేద ఇళ్లకు పొయ్యి తెచ్చింది. మన రాష్ట్రంలో 1999లోనే దీపం పథకం ఆ దారి వేసింది. కాని 2020 మే నెలలో అంతర్జాతీయ ధర బాగా తగ్గడంతో సబ్సిడీ సున్నా అయింది. తరువాత ధర పెరిగినప్పుడు అది తిరిగి రాలేదు. ఢిల్లీలో అప్పుడు 600 లోపున్న సిలిండరు 2023 మార్చికి 1,103 రూపాయలకు చేరింది. ఉజ్వల కుటుంబాలకు 200 రూపాయల సాయం 2022 మే నెలలో గాని మొదలు కాలేదు. ఈ మధ్యకాలంలో సిలిండరు మూలన పెట్టి మళ్లీ కట్టెలు ఏరుకున్న ఇల్లాళ్లను మా విద్యార్థులు పార్వతీపురం వైపు పల్లెల్లో చూసి వచ్చారు. ధర పెరిగిందన్న ఒక్క మాటలో ఆ పొగ ఇమడదు.

2024 నవంబరు 1న మన పక్కనున్న శ్రీకాకుళం జిల్లాలో, ఇచ్ఛాపురం మండలం ఈదుపురంలో ముఖ్యమంత్రి ప్రారంభించిన దీపం-2 ఏడాదికి మూడు ఉచిత సిలిండర్లు ఇస్తోంది. దాన్ని నేను స్వాగతిస్తాను. కాని అది మొదలైనప్పుడు అందులోనూ ముందు సిలిండరు సొమ్ము పూర్తిగా కట్టవలసి వచ్చేది, తరువాత ఖాతాలో పడేది. ఆ రోజు చేతిలో 800, 900 రూపాయలు ఉండే ఇంటికి ఇది చిన్న విషయం, కూలి డబ్బు వారానికొకసారి చూసే ఇంటికి కాదు.

పరిహారాన్ని స్థిరమైన మొత్తంగా పెట్టి వదిలేస్తే ఏమవుతుందో మత్స్యకారుల డీజిల్ రాయితీలో చూడవచ్చు. 2019 నవంబరులో మన రాష్ట్రం దాన్ని లీటరుకు 6.03 రూపాయల నుంచి 9 రూపాయలకు పెంచింది. అప్పుడు డీజిల్ ధర 70 రూపాయల చుట్టూ ఉంది, అంటే ఎనిమిదోవంతుకు పైగా ఉపశమనం. 2022 ఏప్రిల్ నాటికి డీజిల్ వంద దాటింది, రాయితీ మాత్రం ఆ 9 రూపాయల దగ్గరే ఉంది. ఇరాన్‌లో కోట్ల మందికి జరిగినదే ఇక్కడ ఒక చిన్న రాయితీకి జరిగింది. ధర మారినప్పుడు పరిహారం దానంతట అదే మారేలా, లీటరు ధరలో ఇంత శాతమని మొదటే రాసి ఉంటే, ప్రతిసారీ మత్స్యకార సంఘాలు కలెక్టరేట్ ముందు అర్జీలు పట్టుకొని నిలబడవలసిన అవసరం ఉండేది కాదు. మీరు పరీక్షలో సబ్సిడీ ఎత్తివేతను సమర్థిస్తూ రాయండి, అది సరైన సమాధానమే. దానితోపాటు మద్దతు ధర లెక్కలో డీజిల్ ధరను సీజను మధ్యలోనైనా సవరించాలని, ఆయిల్ ఇంజను రైతును కూడా ఉచిత విద్యుత్తు రైతుతో సమానంగా చూడాలని కూడా రాయండి. మీ నాన్నగారు చెబుతున్నది ఆ రెండో సగమే.